పెట్టె కట్టేటప్పుడే సినిమా మొదలవుతుంది: పిన్‌హోల్ కెమెరాలతో ప్రయోగాత్మక చిత్రాలు

సభకు నమస్కారం.

లెన్స్ లేకుండా, మోటారు లేకుండా, చాలాసార్లు షట్టర్ కూడా లేకుండా, చేత్తో కట్టుకున్న పెట్టెలతోనూ గొట్టాలతోనూ సినిమా తీయడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. చెప్పవలసినవి చాలా ఉన్నా, నేను చివరిదాకా పట్టుకుని నడవాలనుకున్న మాట ఒక్కటే. పిన్‌హోల్ కెమెరాతో, అంటే లెన్స్‌కు బదులు పలుచని రేకులో వేసిన సూదిబెజ్జం గుండా వెలుతురును ఫిల్ముమీద పడనిచ్చే పెట్టెతో, సినిమా తీసేవారికి కెమెరా తయారీ, చిత్రీకరణ, కూర్పు అనేవి మూడు వేర్వేరు పనులు కావు. రేకుకు ఎన్ని బెజ్జాలు పెట్టాలి, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఫిల్మును ఎంతసేపటికి ఒకసారి ఎంత మేర లాగాలి అన్నది ఖాయం చేసుకున్నప్పుడే, తెరమీద కాలం ఎలా నడుస్తుందన్నది కూడా ఖాయమైపోతుంది. మామూలు సినిమా కెమెరాలో ఈ నిర్ణయాన్ని దాన్ని తయారుచేసినవారు మన తరఫున ఎప్పుడో చేసేసి ఉంటారు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు, ఒక్కో ఫ్రేముకు సెకనులో 48వ వంతు వెలుతురు, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎప్పుడూ సమానమైన వ్యవధి. పెట్టెను మనమే కట్టుకున్నప్పుడు ఆ నిర్ణయం తిరిగి మన చేతికి వస్తుంది. నన్ను ఈ పనికి కట్టిపడేసింది ఇదే కాబట్టి తక్కిన సంగతులన్నీ దీని చుట్టూనే చెబుతాను.

సన్నని బెజ్జం గుండా వచ్చిన వెలుతురు ఎదుటి గోడమీద తలకిందుల బొమ్మను వేస్తుందన్న సంగతి చాలా పాతది. చైనా తత్త్వవేత్త మోజీ పేరిట ఉన్న గ్రంథంలో క్రీస్తుపూర్వమే దీని ప్రస్తావన ఉంది. 11వ శతాబ్దంలో అరబ్బు శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ గ్రహణ సమయంలో సూర్యబింబం ఆకారం బెజ్జం గుండా ఎలా పడుతుందో శ్రద్ధగా పరిశీలించి రాశాడు. 1544లో వచ్చిన సూర్యగ్రహణాన్ని చీకటిగదిలో గోడమీద చూసిన గణితవేత్త గెమ్మా ఫ్రిసియస్ మరుసటి ఏడాది దాని బొమ్మను అచ్చు వేయించాడు. అయితే సినిమాకు కావలసిన ప్రశ్న, అంటే బెజ్జం ఎంత ఉంటే బొమ్మ అన్నిటికన్నా స్పష్టంగా పడుతుందన్నది, 19వ శతాబ్దంలో తేలింది. గణితవేత్త పెట్జ్‌వాల్ 1857లో ఒక లెక్క ఇచ్చాడు. భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ 1891లో దాన్ని సరిదిద్ది, నేటికీ మనం వాడుతున్న రూపానికి తెచ్చాడు.

ఆ లెక్క సులువైనదే. బెజ్జానికీ ఫిల్ముకూ మధ్య దూరాన్ని వెలుతురు తరంగదైర్ఘ్యంతో గుణించి, వర్గమూలం తీసి, దాన్ని సుమారు 1.9తో గుణిస్తే బెజ్జం వ్యాసం వస్తుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుతురు తరంగదైర్ఘ్యాన్ని 550 నానోమీటర్లుగా తీసుకుంటే, 50 మిల్లీమీటర్ల లోతున్న పెట్టెకు 0.31 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్ల లోతుకు 0.22, 10 మిల్లీమీటర్ల లోతుకు 0.14 మిల్లీమీటర్ల బెజ్జం సరిపోతుంది. బెజ్జం ఇంతకన్నా పెద్దదైతే బొమ్మలోని ప్రతి చుక్కా చిన్న మచ్చగా విచ్చుకుంటుంది. ఇంతకన్నా చిన్నదైతే వెలుతురు బెజ్జం అంచుల దగ్గర వంగి చెదిరిపోవడం వల్ల మళ్ళీ మసకబారుతుంది. అంటే బెజ్జాన్ని ఎంత చిన్నది చేస్తే బొమ్మ అంత పదునెక్కుతుందన్నది నిజం కాదు. చాలామంది ఉత్సాహంతో మరీ సన్నని సూది వెతుక్కుని, ఎక్స్‌పోజర్ కాలాన్ని, అంటే ఫిల్ముమీద వెలుతురు పడనిచ్చే సమయాన్ని, అనవసరంగా పెంచుకుని, పదును కూడా పోగొట్టుకుంటారు.

బెజ్జం వేయడాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పలుచని ఇత్తడి రేకు అన్నిటికన్నా మంచిది. అది దొరకనప్పుడు కూల్‌డ్రింకు డబ్బా గోడను కత్తిరించి వాడుకోవచ్చు. రేకును మందపాటి అట్టమీద పరిచి, సూదిని నిటారుగా పట్టుకుని, మొన ఆనీ ఆననట్టు నొక్కుతూ వేళ్ళ మధ్య తిప్పాలి. గుచ్చితే రేకు చిరుగుతుంది, తిప్పితే తొలుచుకుంటుంది. వెనకవైపు చిన్న బుడిపె లేచిన వెంటనే ఆపి, సన్నరకం ఉప్పుకాగితంతో దాన్ని అరగదీసి, రేకు తిరగేసి మళ్ళీ సూది మొనతో తిప్పాలి. ఇలా రెండుమూడు మార్లు చేస్తే బెజ్జం చుట్టూ రేకు పలుచబడి అంచు శుభ్రంగా వస్తుంది. ఈ పలుచదనం చాలా ముఖ్యం. 0.14 మిల్లీమీటర్ల బెజ్జాన్ని 0.1 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకులో వేస్తే అది బెజ్జంలా కాక గొట్టంలా పనిచేస్తుంది, పక్కవాటంగా వచ్చే వెలుతురును అడ్డగించి ఫ్రేము మూలలను చీకటి చేస్తుంది. వ్యాసం కొలవడానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. రేకును మామూలు స్కానర్‌మీద అంగుళానికి 2400 చుక్కల దగ్గర స్కాన్ చేస్తే ఒక్కో చుక్క ఇంచుమించు 0.0106 మిల్లీమీటర్లు అవుతుంది. బెజ్జం అడ్డంగా 13 చుక్కలు ఉంటే 0.14 మిల్లీమీటర్లు వచ్చినట్టే. అదే స్కాన్‌లో బెజ్జం గుండ్రంగా ఉందా, అంచున ఎక్కడైనా పీచు మిగిలిందా అన్నది కూడా తెలిసిపోతుంది. చివరగా రేకు లోపలివైపు మెరుపు లేని నల్లరంగు పూయాలి. లేకపోతే ఫిల్ముమీద పడిన వెలుతురు తిరిగి రేకుకు తగిలి బొమ్మంతటా తెల్లని పొర కమ్ముతుంది.

ఇప్పుడు వెలుతురు లెక్కకు వద్దాం, ఎందుకంటే పిన్‌హోల్ సినిమా రూపాన్ని తేల్చేది ఇదే. 25 మిల్లీమీటర్ల లోతుకు 0.22 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే ఎపర్చర్, అంటే లోతును బెజ్జం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె, ఎఫ్ 112 దగ్గర ఉంటుంది. ఎర్రటి ఎండలో ఐఎస్‌ఓ 100 ఫిల్ముకు (ఐఎస్‌ఓ అన్నది వెలుతురుకు ఫిల్ము సున్నితత్వాన్ని చెప్పే అంకె) ఎఫ్ 16 దగ్గర సెకనులో 100వ వంతు చాలన్న పాత లెక్కను పట్టుకుంటే, ఎఫ్ 112 దగ్గర దానికి 49 రెట్లు, అంటే సుమారు అర సెకను కావాలి. సినిమా కెమెరా ఒక ఫ్రేముకు ఇవ్వగలిగింది సెకనులో 48వ వంతు మాత్రమే. ఈ తేడాను పూడ్చాలంటే ఐఎస్‌ఓ 2400 ప్రాంతపు సున్నితత్వం కావాలి. డిజిటల్ కెమెరాలో అది సాధ్యమే కాబట్టి, లెన్స్ తీసి కెమెరా మూతకు బెజ్జం వేసి మామూలు వేగంతోనే వీడియో తీస్తున్నవారు ఉన్నారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ అందులో మనం మార్చినది లెన్స్‌ను మాత్రమే, కాలాన్ని కొలిచే గడియారం తయారీదారుదే. ఫిల్ముతో, చేత్తో కట్టిన పెట్టెతో పనిచేసేవారికి ఆ దారి లేదు. లేకపోవడం వల్లే వేరే దారులు తెరుచుకున్నాయి.

మొదటి దారి ఒక్కొక్క ఫ్రేమునూ విడిగా తీయడం. చిన్న పెట్టె, దానికి ఒకే బెజ్జం, బెజ్జం మీద జరిపే నల్లట్ట, లోపల రెండు వైపులా ఫిల్ము చుట్టుకునే కడ్డీలు ఉంటే చాలు. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో ఫ్రేము ఎత్తు 7.5 మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ, ఒక ఫ్రేము మొదలు నుంచి తరువాతి ఫ్రేము మొదలు దాకా 7.62 మిల్లీమీటర్లు. కెమెరాలో ఈ దూరాన్ని ఇనుప కొక్కెం లాగుతుంది. మన పెట్టెలో ఆ పనికి ఫిల్ము అంచు చిల్లులో సరిగ్గా కూర్చునే చిన్న మేకు మొన ఉంటుంది. మేకు ఎత్తి, కడ్డీ తిప్పి, తరువాతి చిల్లులో మేకు దిగినట్టు వేలికి తెలిసినప్పుడు ఆపాలి. ఈ పద్ధతిలో బొమ్మ కొంత అటూ ఇటూ కదలడం ఖాయం. కదలిక నచ్చనివారు తరువాత కంప్యూటర్‌లో ఫ్రేములను సర్దుకోవచ్చు. నేను సర్దను. ఆ అదురును పూర్తిగా తీసేస్తే చేత్తో లాగిన సంగతే కనుమరుగవుతుంది.

ఒక్కో ఫ్రేముకు రెండు సెకన్లు తెరిచి ఉంచి, అట్ట మూసి ఫిల్ము లాగడానికి మరో మూడు సెకన్లు తీసుకున్నామనుకుందాం. తెరమీద ఒక నిమిషానికి 1440 ఫ్రేములు కావాలి కాబట్టి అది రెండు గంటల పని. ఆ రెండు గంటల్లో సూర్యుడు ఆకాశంలో 30 డిగ్రీలు జరుగుతాడు. అంటే ఒక నిమిషం బొమ్మలో నీడలన్నీ తమ దిక్కు మార్చుకుంటాయి. నడిచిపోయే మనుషులు రెండు సెకన్లలో ఎక్కడా నిలవరు కాబట్టి ఫిల్ముమీద వారి జాడ ఉండదు, లేదా పలుచని చారికగా మిగులుతారు. ఎవరైనా నిలబడి ఎదురుచూస్తే వారు మాత్రం అచ్చుపడతారు. కదలకుండా ఉండడం ఇక్కడ కనిపించడానికి షరతు అవుతుంది. సినిమా అంటే కదిలేదాన్ని చూపేది అని అలవాటుపడిన కంటికి, కదిలేవి మాయమై ఆగినవి మిగిలే ఈ లోకం చాలా కొత్తగా ఉంటుంది. ఇక్కడ వ్యవధిని ఎంచుకోవడమే కథనం. రెండు సెకన్లకు బదులు 20 సెకన్లు తెరిచి ఉంచాలంటే ఆ వెలుతురుకు తగ్గ నెమ్మది ఫిల్ము, అంటే సున్నితత్వం తక్కువున్నది, వాడుకోవాలి, అప్పుడు నిలబడి ఎదురుచూసేవారు కూడా కరిగిపోయి కూర్చున్నవారు మాత్రమే ఉంటారు. ఒక సెకను దాటిన ఎక్స్‌పోజర్లకు మామూలు లెక్క సరిపోదని, ఫిల్ము అప్పుడు మందగిస్తుందని, లెక్కకన్నా కొంత ఎక్కువసేపు ఇవ్వాలని కూడా గుర్తుంచుకోవాలి.

రెండవ దారి దీనికి పూర్తిగా భిన్నమైనది, నాకు అత్యంత ఇష్టమైనది కూడా. ఇక్కడ ఫిల్ము కదలదు, కెమెరా కదలదు, అయినా తెరమీద చలనం ఉంటుంది. ఇటలీకి చెందిన పావొలో జియోలి 1973లో మొదలుపెట్టి 1980లలోనూ తిరిగి పనిచేసిన పిన్‌హోల్ చిత్రం ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆయన వాడినది మీటరు కన్నా కొద్దిగా పొడవైన బోలు లోహపు కడ్డీ. దాని పొడవునా 150 బెజ్జాలు ఉంటాయి, లోపల 16 మిల్లీమీటర్ల ఫిల్ము పరుచుకుని ఉంటుంది, రెండు చివర్లా వెలుతురు చొరబడని డబ్బాల్లో మిగిలిన ఫిల్ము చుట్టి ఉంటుంది. 150ని 7.62తో గుణిస్తే 1143 మిల్లీమీటర్లు వస్తుంది. కడ్డీ పొడవు అంత ఎందుకుందో ఆ గుణకారంలోనే ఉంది: ఫ్రేముకు ఒక బెజ్జం. ఒక మనిషి ముందు కడ్డీని నిలబెట్టి బెజ్జాలన్నీ ఒక్కసారి తెరిస్తే, 150 ఫ్రేములూ ఒకే క్షణంలో, 150 వేర్వేరు ఎత్తుల నుంచి ఆ మనిషిని చూస్తాయి. దాన్ని ప్రొజెక్టర్‌లో నడిపితే ఆరు సెకన్లకు పైగా ఒక చూపు ఆ శరీరం వెంట జారుతూ పోతుంది. తీసిన సమయం ఒక్క క్షణం, చూసే సమయం ఆరు సెకన్లు. కాలమంతా స్థలం నుంచే పుట్టింది.

1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రం పక్కన 12 కెమెరాలను వరుసగా నిలబెట్టాడు. అక్కడ కెమెరాలు ఒకదాని తరువాత ఒకటి పనిచేశాయి కాబట్టి స్థలం వెంట కాలం కూడా నడిచింది. జియోలి కడ్డీలో కెమెరాల వరుస ఉంది కానీ కాలం నడక లేదు. సినిమా పుట్టడానికి ముందటి ఆలోచననే తీసుకుని దానిలో ఒక్క షరతు మార్చితే ఇంత కొత్త రూపం వచ్చింది. ఇంగ్లండ్‌లో టిమ్ మాక్‌మిలన్ 1980లో, బాత్ అకాడమీ ఆఫ్ ఆర్ట్‌లో విద్యార్థిగా ఉండగా, 16 మిల్లీమీటర్ల ఫిల్మును వలయంగా అమర్చి చుట్టూ పిన్‌హోల్ కెమెరాలు పెట్టాడు. మధ్యలో ఉన్న మనిషి గాలిలో ఎగిరిన క్షణం అలాగే నిలిచిపోయి, చూపు మాత్రం అతని చుట్టూ తిరుగుతుంది. తరువాత పెద్ద సినిమాల్లో బాగా ప్రచారం పొందిన ఈ రూపాన్ని ఒక విద్యార్థి బెజ్జాలతో సాధించాడన్నది ఇక్కడున్న విద్యార్థులు మనసులో ఉంచుకోదగ్గ సంగతి.

ఇలాంటి గొట్టం కట్టాలనుకునేవారికి ముందుగా తెలియవలసిన లెక్క ఒకటి ఉంది. గొట్టం లోతు 10 మిల్లీమీటర్లు, బెజ్జాల మధ్య ఎడం 7.62 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక బెజ్జం నుంచి పక్క బెజ్జానికి వెళ్ళినప్పుడు ఎదుటి వస్తువు బొమ్మ ఫ్రేములో ఎంత జరుగుతుందన్నది ఆ వస్తువు దూరాన్ని బట్టి ఉంటుంది. లోతును ఎడంతో గుణించి దూరంతో భాగించాలి. 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చేయి ఫ్రేముకు 0.76 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేము ఎత్తులో పదోవంతు జరుగుతుంది. పది ఫ్రేముల్లో, అర సెకను కూడా గడవకుండానే, అది తెర దాటిపోతుంది. అర మీటరు దూరంలో ఉన్న ముఖం ఫ్రేముకు 0.15 మిల్లీమీటర్లు జరుగుతూ రెండు సెకన్లలో తెర దాటుతుంది. ఐదు మీటర్ల దూరంలో ఉన్న తలుపు 150 ఫ్రేములు పూర్తయ్యేసరికి కూడా తెరలో మూడోవంతు దాటదు. దూరపు కొండ అసలు కదలదు. అంటే ఈ కెమెరాలో వేగం అంటే దూరమే. వస్తువును దగ్గరగా జరిపితే వేగంగా పరుగెడుతుంది, దూరంగా పెడితే నిదానిస్తుంది. పిన్‌హోల్‌కు ఫోకస్ సమస్య లేదు, వేలికి అందే దాని నుంచి కొండ దాకా అన్నీ ఒకే పదునులో ఉంటాయి. అందువల్ల చేయి, ముఖం, తలుపు, కొండ ఒకే ఫ్రేములో నాలుగు వేగాలతో కదలడం స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి దృశ్యాన్ని అమర్చేటప్పుడు దాని అందానికన్నా దానిలోని దూరాలను కొలవడం నాకు ముఖ్యమైన పని అయింది. కొలతపట్టీ లేకుండా నేను ఈ కెమెరాతో బయటికి వెళ్ళను.

గొట్టాన్ని నిలువుగా పట్టుకుని తీస్తే వచ్చే ఒక విశేషాన్ని చేతులతో చేసేదాకా ఎవరూ ఊహించరు. బెజ్జం బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి, ఫిల్మును కడిగిన తరువాత బొమ్మలు నిటారుగా కనిపించేలా తిప్పి పట్టుకుంటే గొట్టం అడుగున ఉన్న బెజ్జం తీసిన ఫ్రేము పైకి వస్తుంది. ఫిల్ములో పైన ఉన్నది ముందు, కింద ఉన్నది తరువాత నడుస్తుంది. కనుక ప్రొజెక్టర్‌లో మామూలుగా నడిపినప్పుడు చూపు ఎప్పుడూ పాదాల దగ్గర మొదలై తలవైపు లేస్తుంది. గొట్టాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తలకిందులు చేసేది గొట్టం కాదు, బెజ్జం. తల నుంచి పాదాలకు దిగాలంటే ప్రొజెక్టర్‌ను వెనక్కు నడపాలి, లేదా ఫ్రేములను ఒక్కొక్కటిగా తిరగవేసి మళ్ళీ ముద్రించుకోవాలి. మామూలు కెమెరాలో కేవలం చేతి కదలిక అయిన పైకీ కిందికీ చూడడం, ఇక్కడ వస్తువు స్వభావం అవుతుంది.

బెజ్జాల మధ్య అడ్డుగోడలు పెట్టాలా వద్దా అన్నది మరో పెద్ద నిర్ణయం. 10 మిల్లీమీటర్ల లోతులో ఒక బెజ్జం వేసే బొమ్మ తన ఫ్రేము దగ్గర ఆగదు, పక్క ఫ్రేముల మీదికీ పారుతుంది. నల్లట్టను సన్నని పలకలుగా కోసి ప్రతి 7.62 మిల్లీమీటర్లకు ఒకటి నిలబెడితే ఫ్రేములు విడివిడిగా, మధ్యలో నల్లగీతతో వస్తాయి. పెట్టకపోతే ఒక్కో చోట మూడునాలుగు బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడతాయి. మొదటిది చదవడానికి వీలైన చిత్రం, రెండవది అలల్లాంటి అల్లిక. గొట్టంలో సగం దూరం పలకలు పెట్టి, ఆ పైన వదిలేసి చూడండి. మనిషి పాదాలు స్పష్టంగా మొదలై, నడుము దాటాక ముఖం అనేక ముఖాలుగా విడిపోతుంది. ఇది ఎడిటింగ్ బల్లమీద చేసిన మిశ్రమం కాదు, అట్టముక్కలతో ముందే రాసుకున్నది.

చేత్తో వేసిన 150 బెజ్జాలు ఒకేలా రావు. 0.14 మిల్లీమీటర్ల బెజ్జం పక్కన 0.17 మిల్లీమీటర్లది ఉంటే రెండవది ఒకటిన్నర రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. అవి ఎలా పడితే అలా ఉంటే తెర మినుకుమినుకుమంటుంది. దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. గొట్టానికి నేరుగా బెజ్జాలు వేయకుండా, గొట్టంలో పెద్ద చిల్లులు పెట్టుకుని, వాటిమీద విడివిడి రేకుముక్కలను అతికించాలి. ప్రతి రేకుముక్కనూ స్కానర్‌మీద కొలిచి, వ్యాసం వెనక రాసుకుని, చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చితే మినుకు పోయి వెలుతురు క్రమంగా పెరుగుతుంది. చీకట్లోంచి తేలివచ్చే ఆరంభాన్ని రేకుముక్కల వరుసలోనే కూర్చుకోవచ్చు. మినుకు కావాలనుకుంటే చిన్నదీ పెద్దదీ ఒకటి విడిచి ఒకటి పెట్టుకోవచ్చు. అది కూడా ఎంచుకున్నదై ఉండాలని మాత్రమే నేను కోరుకుంటాను.

ఒకే క్షణం అన్న నియమాన్ని కూడా సడలించవచ్చు. గొట్టం మీద జారే మరో తొడుగు చేసి, దానికి 15 సెంటీమీటర్ల పొడవైన చీలిక పెట్టి, సెకనుకు 15 సెంటీమీటర్ల చొప్పున కింది నుంచి పైకి జరిపితే ప్రతి బెజ్జమూ ఒక సెకను తెరిచి ఉంటుంది, ఒకదాని తరువాత ఒకటి తెరుచుకుంటుంది. మొదటి బెజ్జం నుంచి చివరి బెజ్జానికి చేరడానికి ఏడున్నర సెకన్లు పడుతుంది. తెరమీద అది ఆరుంబావు సెకన్లు. అంటే స్థలం వెంట ప్రయాణిస్తూనే దాదాపు అసలు వేగంతో కాలం కూడా కదులుతుంది. పక్కపక్క ఫ్రేములు తమ సెకనులో చాలా భాగం పంచుకుంటాయి కాబట్టి కదలికలు కత్తిరించినట్టు కాక ఒకదానిలోకి ఒకటి కరిగినట్టు వస్తాయి. చీలికను సన్నం చేస్తే కదలిక పదునెక్కుతుంది, వెలుతురు తగ్గుతుంది. జరిపే చేయి మధ్యలో ఆగితే అక్కడ ఫ్రేములు తెల్లబడి కాలం చిక్కబడుతుంది. ఒక వాద్యాన్ని సాధన చేసినట్టు ఈ జరపడాన్ని సాధన చేయాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెబుతాను. పిన్‌హోల్ చిత్రాలను మెచ్చుకునేవారిలో చాలామంది వాటి మసకదనాన్నే మెచ్చుకుంటారు. కలలా ఉంది, జ్ఞాపకంలా ఉంది అంటారు. మసకదనం ఒక్కటే కావాలనుకుంటే లెన్స్‌మీద పలుచని గుడ్డ కప్పినా వస్తుంది. ఈ పరికరం ఇచ్చేది అంతకన్నా చాలా ఎక్కువ. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఏముండాలి అన్న ప్రశ్నకు సినిమా చరిత్ర ఒకే జవాబును స్థిరపరిచింది. ఆ ప్రశ్నను మళ్ళీ తెరిచి, కొలతపట్టీతోనూ అట్టముక్కలతోనూ కొత్త జవాబులు ఇవ్వగలగడమే దీని విలువ. అందుకే మసకకే తృప్తిపడి ఆగిపోయిన చిత్రాలు చూసినప్పుడు, ఇంకా ఒక్క అడుగు వేస్తే బాగుండేదని నాకు బాధగా ఉంటుంది.

ఫిల్ము గురించి కొద్దిగా చెబుతాను. మొదలుపెట్టేవారికి కెమెరా ఫిల్ముకన్నా ప్రింట్లు తీయడానికి వాడే నలుపుతెలుపు పాజిటివ్ ఫిల్ము అనుకూలం. అది ఎరుపు వెలుతురును పట్టించుకోదు కాబట్టి ఎర్ర దీపం కింద చూసుకుంటూ గొట్టంలో ఎక్కించవచ్చు, కడగవచ్చు. సున్నితత్వం చాలా తక్కువ. ఐఎస్‌ఓ 10 అనుకుని మొదటి ముక్క తీసి చూసుకోవడం మేలు. 10 మిల్లీమీటర్ల లోతు గొట్టంలో ఎపర్చర్ ఎఫ్ 71 దగ్గర ఉంటుంది, కాబట్టి మంచి ఎండలో రెండు సెకన్లు పడుతుంది. ఇంతకుముందు ఒక్క క్షణం అన్నది ఈ రెండు సెకన్లనే. నల్ల టేపును చేత్తో తీసి మళ్ళీ మూయడానికి ఇది సరిపోయే వ్యవధి. మీటరుంబావు ఫిల్మును కడగడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. రెండు చివర్లూ పట్టుకుని ట్రేలోని డెవలపర్‌లో, అంటే బొమ్మను తేల్చే ద్రావణంలో, అటూ ఇటూ ఉయ్యాలలా లాగుతూ ఉంటే చాలు. 1995లో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ తన విద్యార్థులతో కలిసి ఇన్‌స్టంట్ కాఫీ, చాకలిసోడాతో డెవలపర్ తయారు చేయవచ్చని చూపాడు. తరువాతివారు దానికి విటమిన్ సి కలిపి బలం పెంచారు. అది బాగానే పనిచేస్తుంది, కొంత గోధుమరంగు మరక మిగులుస్తుంది. తేలిన బొమ్మను నిలబెట్టే ఫిక్సర్ ద్రావణానికి మాత్రం ఇలాంటి ఇంటి ప్రత్యామ్నాయం వెతకకండి, మామూలు ఫిక్సరే వాడి, బాగా కడగండి. సరిగ్గా ఫిక్స్ కాని ఫిల్ము కొన్నాళ్ళకు తనంతట తానే పాడవుతుంది.

గొట్టంలో ఫ్రేము హద్దులు గీసే చట్రం పక్కవాటుగా ఉండదు కాబట్టి బొమ్మ ఫిల్ము పూర్తి వెడల్పునా, చిల్లుల మధ్యకూ, అవతలి అంచుకూ పారుతుంది. ఒకవైపే చిల్లులున్న 16 మిల్లీమీటర్ల ఫిల్ములో ఆ అవతలి అంచు శబ్దం ముద్రించే చోటు. శబ్దం చదివే దీపం వెలిగించి ప్రొజెక్టర్ నడిపితే మన దృశ్యం అంచులే శబ్దంగా వినిపిస్తాయి. ప్రతి ఫ్రేముకూ ఒక నల్లగీత ఉంటే సెకనుకు 24 సార్లు కొట్టుకునే లోతైన గుర్రుమనే ధ్వని వస్తుంది. పలకలు తీసేసిన భాగంలో గీతలు పోయి అది మెత్తబడుతుంది. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టర్‌లో శబ్దం చదివే చోటు బొమ్మ పడే చోటుకన్నా 26 ఫ్రేముల దూరంలో ఉంటుంది కనుక, చూసిన దృశ్యం ఒక సెకను దాటాక వినిపిస్తుంది. ఈ ఆలస్యాన్ని కూడా గొట్టం కట్టేటప్పుడే లెక్కలోకి తీసుకోవచ్చు. పలకలు ఎక్కడ ఆపాలో 26 ఫ్రేములు ముందుగానే ఆలోచిస్తే, ముఖం విడిపోయే ఘడియకు ధ్వని మారేలా చేయవచ్చు. ఈ మధ్య నేను పనిచేస్తున్న గొట్టంలో పలకలను 60వ ఫ్రేము దగ్గర ఆపి, 86వ ఫ్రేము చూసే ఎత్తులో మనిషి నోరు వచ్చేలా నిలబెట్టే ఎత్తును లెక్కవేస్తున్నాను. ఆ కొలతల కాగితం ఈ బల్లమీద ఉంది, గొట్టం కూడా ఉంది. ఎవరైనా వచ్చి చూడవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు.